దశమభాగంలో ఎనభై ఎక్కువ

నా మొగుడి పేరు వినయ్ కుమార్. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, కనబడితే నాలుగు మాటలు అనాలని ఉంది. పైకి చూస్తే మాత్రం పేరుకు తగ్గట్టే ఉంటాడు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో కోత మిషను మీద పని. తాగడు, బీడీ ముట్టడు, పేకాడడు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని అందరికంటే ముందు చర్చికి పోయి చాపలు పరుస్తాడు. తర్లుపాడు పక్కన మా ఊళ్లో ఏ ఆడదాన్ని అడిగినా, "నీకేమమ్మా ఫెబీ, బంగారమట్టాంటి మొగుడు" అనేది. నేను బంగారాన్ని ఎప్పుడూ అంత దగ్గర నుంచి చూసినదాన్ని కాదు కాబట్టి ఊరుకునేదాన్ని.

వాడు నన్ను నెలకొక్కసారే కొడతాడు. మొగుణ్ణి వాడు అనకూడదంటారు. అనకూడనివీ చేయకూడనివీ మా ఇంట్లో చాలానే జరిగాయి, ఇదొక్కటి పట్టుకుని కూర్చోనక్కర్లేదు. నెలాఖరు శనివారం, దీపాలు పెట్టే వేళకు, లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని కొడతాడు.

ఆ పుస్తకం చర్చి ఇచ్చింది. మూడేళ్ల కిందట మా పాస్టరు జాకబ్ అయ్యగారు దంపతుల కూడిక పెట్టి, మొగుడూ పెళ్లాల మధ్య పోట్లాటల్లో సగం డబ్బు దగ్గరే పుడతాయని, ఇద్దరూ కలిసి లెక్క రాసుకుంటే ఇంట్లో శాంతి సమాధానాలు ఉంటాయని చెప్పి జంటకొకటి పంచారు. అట్ట మీద పావురం బొమ్మ. లోపల రాబడికో గడి, ఖర్చుకో గడి, చివర 'ఇతరములు' అని ఓ గడి. పేజీ అడుగున ఇద్దరి సంతకాలకు చోటు. మూడు నెలలకోసారి అయ్యగారికి చూపించి టిక్కు పెట్టించుకోవాలి. ఆయన మంచి మనసుతోనే ఇచ్చాడు. మిగతా జంటలు రెండో నెలకే దాన్ని పొయ్యి రాజేయడానికి వాడుకున్నారు. మా ఆయన మాత్రం పట్టుకున్నాడు.

అంతకుముందు వాడికి నా మీద కోపం వస్తే ఎందుకొచ్చిందో వాడికే తెలిసేది కాదు, అరిచి, ఓ దెబ్బ వేసి పోయేవాడు. పుస్తకం వచ్చాక కోపానికి ఓ గడి దొరికింది. మిరపకాయలు నూట ఇరవై అని రాస్తే, పోయిన నెల తొంభై కదా, ఈ ముప్పై ఎక్కడికి పోయింది? షారోన్‌కు హాస్టలుకు సబ్బులు ఎనభై అంటే, అది సబ్బులు తింటోందా? షారోన్ మా కూతురు, గిద్దలూరు గురుకులంలో ఆరో తరగతి. ఒక్కో గడి మీద వేలు పెట్టి అడుగుతాడు. నాకు వెంటనే గుర్తు రాకపోతే ఆ వేలు చెయ్యి అవుతుంది. కొట్టడం అయ్యాక పెన్ను నా చేతికిచ్చి సంతకం చేయమంటాడు. ఇదంతా అరవకుండా చేస్తాడు, అందుకే పక్కింటికి కూడా తెలియదు.

నా ఎడమ చెవి పోయింది 'ఇతరములు' గడి దగ్గర. అరవై రూపాయలు అని రాశాను. అవి నేను నెలనెలా వాడుకునే ప్యాడ్లకు. ఆ పుస్తకం అయ్యగారు చూస్తాడు, టిక్కు పెడతాడు, ఆ మాట ఎట్లా రాయను?

"ఇతరములంటే ఏంది?" అన్నాడు.

"ఆడవాళ్లయి ఉంటాయిలేయ్యా," అన్నాను.

"ఆడవాళ్లయి అని రాసినావా? ఇతరములని రాసినావు. దాచేదానివి అయితేనే ఇట్ల రాస్తావు."

అరచెయ్యి విప్పి చెవి మీద కొట్టాడు. లోపల ఏదో బెలూన్ పగిలినట్టు టప్పుమంది. ఆ తర్వాత ఆ వైపు ఈల మొదలైంది, ఇప్పటికీ ఆగలేదు. మర్నాడు చర్చి దగ్గర అమ్మగారు, అంటే అయ్యగారి భార్య ప్రేమకుమారి గారు, నా చెవిలోంచి కారుతున్నది చూసి దూది పెట్టింది. "ప్రార్థన చేసుకో ఫెబీ, సహించుకో," అంది. సహించుకున్నాను. సహించడం నాకు బాగా వచ్చు, దానికి కూలీ ఎవరూ ఇవ్వరు గానీ.

మార్కాపురంలో చెవి డాక్టరు చూసి కర్ణభేరికి చిల్లు పడిందన్నాడు. ఆపరేషను కార్డు మీద ఉచితంగానే అవుతుందట, ఒంగోలు పోవాలి. కానీ ముందు పరీక్షలు, తర్వాత మందులు, పోనురాను, తోడొక మనిషి, నెల రోజులు కూలికి పోకుండా ఇంట్లో ఉండటం. అన్నీ కలిపి తొమ్మిది వేలు చేతిలో లేనిదే కదలొద్దన్నాడు. ఇంట్లో అడిగితే, "వినపడకపోయేదేముంది, నేను అడిగినప్పుడే వినపడదు నీకు," అన్నాడు మా ఆయన.

సరే, నేనే చూసుకుందామనుకున్నాను. పత్తి ఏరినా, మిరపకాయలు కోసినా, కంది కోసినా రోజుకు మూడొందల యాభై కూలి. ఇంట్లో మూడొందలని చెప్పాను. ఆ యాభై నా చెవిది. పని ఉన్న నెల పదహారు రోజులు పోతే ఎనిమిది వందలు. షారోన్ ఒకటో తరగతిలో వేసుకున్న బూట్లు అటక మీద ఉన్నాయి, వాటిలో మేజోళ్లు, ఆ మేజోళ్లలో నోట్లు. ఏడాది దాటేసరికి ఎనిమిది వేల ఆరొందల నలభై అయింది. ఇంకో మూడొందల అరవై ఉంటే చాలు.

ఇక్కడే నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. మొగుడికి అబద్ధం చెప్పగలిగాను. దేవుడికి చెప్పలేకపోయాను. మా చర్చిలో నెల రాబడిలో పదోవంతు, దశమభాగం, పేర్లు రాసిన కవరులో పెట్టి నెలాఖరు ఆదివారం ఇస్తాం. మా ఆయన పదకొండు వేలు, నేను చెప్పిన నాలుగు వేల ఎనిమిది వందలు, మొత్తం పదిహేను వేల ఎనిమిది వందలకు లెక్క కట్టి, పదిహేను వందల ఎనభై నాకిచ్చి కవరు అంటించమనేవాడు. నేను అంటించే ముందు ఎనభై కలిపేదాన్ని. దాచుకున్న ఎనిమిది వందలూ దేవుడిచ్చినవే కదా, వాటి పదోవంతు ఎగ్గొడితే చెవి బాగవుతుందా అని భయం. చదువుకున్నవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. నా దొంగతనం కూడా నిజాయితీగా చేశాను.

కవర్ల మీది పేర్లు చదివేవాళ్లు గానీ ఎంతిచ్చారో ఎప్పుడూ చదవలేదు. జనవరిలో కొత్త కోశాధికారి వచ్చాడు, బ్రహ్మాండమైన గొంతు. పేరు చదివి పక్కనే అంకె కూడా చదవడం మొదలుపెట్టాడు. అట్లా చదివితే ఇచ్చేవాళ్లకు ప్రోత్సాహమట.

"వినయ్ కుమార్, ఫెబీ దంపతులు, పదహారు వందల అరవై రూపాయలు!"

జనం స్తోత్రం అన్నారు. నేను మగవాళ్ల వైపు చూశాను. మా ఆయన పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నాడని పక్కవాళ్లు అనుకుని ఉంటారు. వాడు లెక్క కడుతున్నాడు. ఎనభై ఎక్కువ. ఎనభైకి పది రెట్లు ఎనిమిది వందలు.

ఇంటికి పోయే దారి పొడుగునా ఎదురైనవాళ్లకు నవ్వుతూ వందనాలు చెప్పాడు. ఇంట్లోకి పోయాక తలుపు వేసి, తెల్లచొక్కా విప్పి దండెం మీద ఆరేశాడు, మరకలవుతాయని. పలకల చట్రాలకు వాడే చెక్క బద్ద ఒకటి ఫ్యాక్టరీ నుంచి తెచ్చిపెట్టుకున్నాడు, గీతలు కొట్టుకోవడానికి. దాన్నీ పుస్తకాన్నీ తీసుకుని నా ముందు కూర్చున్నాడు.

"నెలకు ఎనిమిదొందలు యాడినుంచి వచ్చినాయి?"

చెప్పలేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

చెప్పలేదు. పుస్తకం వెనక్కి తిప్పాడు. "సరే, నెలకొకటి," అన్నాడు. జనవరి అని బద్దతో భుజం మీద కొట్టాడు. డిసెంబరు అని వీపు మీద. పేజీ తిప్పడం, నెల పేరు చదవడం, కొట్టడం. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది, పక్కింట్లో టీవీ మోగుతోంది. చేతులు అడ్డం పెడితే చేతుల మీద పడ్డాయి. మోచేతి ఎముక మీద తగిలినప్పుడు నాకు తెలియకుండానే తడిసిపోయాను. దానికి కూడా ఒకటి వేశాడు, లెక్కలో లేనిది. మార్చి దగ్గర, అంటే పదకొండో నెల దగ్గర, "బూట్లలో ఉండాయి," అని చెప్పేశాను.

అందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఇంకో నాలుగు నెలలు ఓర్చుకుని ఉంటే నేను దాచిన నెలల పేజీలు అయిపోయేవి. అంతకుముందు నేను దాచిందేమీ లేదు.

డబ్బు తీసుకుని రెండుసార్లు లెక్కపెట్టాడు. "ఇంత సొమ్ముతో ఏం చేసుకుందామని?" అన్నాడు.

"చెవికి. నా చెవికయ్యా. ఒంగోలు పోదామని."

"డాక్టరు ఎట్ల పగిలిందని అడుగుతాడు, నువ్వు చెప్తావు, ఊరంతా నా మొఖం మీద ఉమ్మేస్తారు. అదే కదా నీక్కావాల్సింది?" అన్నాడు. ఏప్రిల్లో వాణ్ణి సంఘ పెద్దగా ఎన్నుకుంటారని మాట నడుస్తోంది. డబ్బు దండెం మీది చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేను వారం రోజులు నిండు చేతుల జాకెట్టు వేసుకుని తిరిగాను.

మరుసటి ఆదివారం ప్రభువు బల్ల. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. మొగుడూ పెళ్లాం సమాధానపడకుండా అందులో చెయ్యి వేయకూడదని మా సంఘం కట్టుబాటు. అందుకని ప్రతి నెలా ఆ ముందు శనివారం మా ఆయన అన్నం తిని చెయ్యి కడుక్కుని అడిగేవాడు, "క్షమించినావా?" అని. "క్షమించినా," అనేదాన్ని. పాల ప్యాకెట్టు తెచ్చావా అంటే తెచ్చా అన్నట్టు. ఆ శనివారం కూడా అడిగాడు. నేను అంట్లు తోముతున్నాను. ఎడమ చెవి వాడి వైపు ఉంది. వినబడలేదని అనుకుని ఉంటాడు, మళ్లీ అడగలేదు.

ఆదివారం వాక్యం చెప్పడం అయ్యాక కోశాధికారి కానుకలు చదివాడు. "వినయ్ కుమార్, ఫెబీ దంపతుల కృతజ్ఞత కానుక, ఎనిమిది వేల ఆరొందల నలభై రూపాయలు!"

మా చర్చిలో అంత కానుక ఎవరూ ఇచ్చి ఎరగరు. స్తోత్రం అన్న కేకకు రేకులు అదిరాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నా చేతులు పట్టుకుని నొక్కారు, దెబ్బల మీద. మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు, వినయంగా. పత్తి చేలో వంగిన ఒక్కో రోజూ, ఒక్కో యాభై నోటూ నాకు కళ్ల ముందు కనబడ్డాయి. నా చెవిని నా పేరు మీదే ఇచ్చేశాడు. ఇచ్చి పెద్దమనిషి అయ్యాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది, కాళ్ల నుంచి మొదలై తల దాకా మండింది.

ద్రాక్షరసం గిన్నెల పళ్లెం వచ్చింది. నేను తీసుకోకుండా పక్కామెకు అందించాను.

అది అందరూ చూశారు. బల్లలో చెయ్యి వేయకపోతే ఇంట్లో ఏదో ఉందని అర్థం. జాకబ్ అయ్యగారు ముందు నుంచి, "ఏమ్మా ఫెబీ, ఏందమ్మా?" అన్నారు.

లేచి నిలబడ్డాను. "సమాధానం లేదయ్యగారూ. ఆ కవర్లో ఉండేది కానుక కాదు. అది నా చెవి. ఈయన కొడితే పగిలింది, బాగుచేయించుకుందామని నేను కూలి డబ్బు దాచుకున్నా. అది నాకు కావాల."

జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించాను. అప్పటికే వాడు చాపలు తొక్కుకుంటూ వచ్చేశాడు. రెండు వందల మంది ముందు, పట్టపగలు, కుడి చెవి మీద కొట్టాడు. అదే అరచెయ్యి, అదే టప్పు. నేను పక్కామె మీద పడ్డాను, పళ్లెం ఎగిరింది, ద్రాక్షరసం అందరి తెల్లచీరల మీద చిమ్మింది.

ఆ తర్వాత నాకు ఏమీ వినబడలేదు. నోళ్లు కదులుతున్నాయి, అంతే. ముందు బల్ల దగ్గరికి పోవాలి, ఆ ఒక్కటే తెలుసు. నాలుగు అడుగులు వేశానో లేదో వెనక నుంచి జుట్టు పట్టి లాగాడు. వెల్లకిలా పడ్డాను. నా చేతికి పళ్లెం తగిలింది, ఇత్తడిది, బరువైనది. వాడు వంగాడు. రెండు చేతులా పట్టుకుని ముఖం మీద కొట్టాను. ముక్కు నుంచి రక్తం బొటబొటా కారింది. మళ్లీ కొట్టాను. నాకు సంతోషం వేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? మూడోది కూడా కొట్టేదాన్ని, మగవాళ్లు వచ్చి వాణ్ణి పట్టుకున్నారు. అప్పటి దాకా ఎక్కడున్నారో.

కోశాధికారి కానుకల సంచి గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. అడ్డంగా తల ఊపుతూ ఏదో అంటున్నాడు. దేవుడికి ఇచ్చింది తిరిగి తీసుకోకూడదనే అయి ఉంటుంది. జాకబ్ అయ్యగారు నేల చూపులు చూస్తున్నాడు. నేను సంచిలో చెయ్యి పెట్టబోతే కోశాధికారి వెనక్కి జరిగాడు. అప్పుడు అమ్మగారు ఆడవాళ్లలోంచి లేచి వచ్చి, అతని చేతిలోంచి సంచి లాక్కుని బల్ల మీద బోర్లించింది. కవర్లన్నీ కిందా మీదా పడ్డాయి. వెతికి మా పేర్లున్నది తీసి నా చేతిలో పెట్టింది. ఏదో చెప్పింది. సహించుకో అని మాత్రం కాదు, ఆ మాటకు పెదాలు ఎట్లా కదులుతాయో నాకు తెలుసు.

ఆమే నాతో మార్కాపురం వచ్చింది. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి కవరు విప్పాల్సిన పని పడలేదు. డాక్టరు ఆదివారం కూడా మధ్యాహ్నం దాకా చూస్తాడు. రెండు చెవుల్లోకీ లైటు వేసి చూసి, నాకు వినబడటం లేదు కాబట్టి చీటీ మీద రాసి చూపించాడు. ఎడమది పాతది, పెద్ద చిల్లు, ఆపరేషను చేయాల్సిందే. కుడిది కొత్తది, చిన్నది. కొత్తవి చాలావరకు వాటంతట అవే పూడుకుంటాయి. నీళ్లు పోకూడదు, దెబ్బ తగలకూడదు. మూడు నెలలు.

"మందులేమన్నా రాస్తారా సార్?" అన్నాను. నా గొంతు నాకే ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది.

అవసరం లేదని చెయ్యి ఊపి, చీటీ మీద రాశాడు. 'దీనికి ఖర్చేమీ లేదు. ఇంకో దెబ్బ తగలకుండా చూసుకుంటే చాలు.'

చదివి నవ్వాను. పెద్దగా నవ్వి ఉంటాను, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు కూడా తిరిగి చూశారు. పెళ్లయి పన్నెండేళ్లు, వరసగా మూడు నెలలు దెబ్బ తగలకుండా గడిచినట్టు నాకు గుర్తు లేదు. ఖర్చు లేదంటాడే ఈయన!

చీటీ వెనకవైపు నేను లెక్క రాసుకున్నాను. ఎనిమిది వేల ఆరొందల నలభైలో డాక్టరుకు మూడొందలు పోను ఎనిమిది వేల మూడొందల నలభై. దాంతో ఒంగోలు పోయి పాత చెవి చేయించుకుని తిరిగి ఇంటికే పోవాలి, ఇంకెక్కడికి పోతాను? ఇంటికి పోతే మూడు నెలల్లో మూడు శనివారాలు. పాత చెవి బాగయ్యేలోపు కొత్తది పోతుంది. అమ్మగారు నా భుజం మీది నుంచి ఆ అంకెలు చూస్తోంది. చీటీ మీద 'ఎడమ చెవి' అని రాసి, గీత పెట్టి కొట్టేశాను. దాని పక్కన ఏమీ రాయలేదు. చాలాసేపు ఆ గీత వైపు చూశాను. దాని కోసమే కదా ఏడాది పైన పడ్డాను.

బస్టాండు వెనక సందులో అమ్మగారికి తెలిసినవాళ్ల ఇంట్లో మేడమీద ఒక గది ఉంది. నెలకు రెండు వేల ఐదొందలు. మూడు నెలలది ఒకేసారి ఏడు వేల ఐదొందలు లెక్కపెట్టి ఇచ్చాను. మిగిలింది ఎనిమిది వందల నలభై. ఇంటావిడ ఏదో అడిగింది, ఎంతమంది ఉంటారని కాబోలు. ఒక వేలు చూపించాను. సెలవులకు నా కూతురు వస్తుందని చెప్పాను.

అమ్మగారు వెళ్లిపోయాక తలుపు వేసి గొళ్లెం పెట్టాను. గదిలో చాప కూడా లేదు. కొంగు పరుచుకున్నాను. ఎవరైనా మెట్లెక్కి వస్తే నాకు తెలియదు, రెండు చెవులూ పనిచేయడం లేదు. అయినా పన్నెండేళ్లలో మొదటిసారి తలుపు వైపు వీపు పెట్టి పడుకున్నాను.